కనిపించని కుదుపుకు కొలబద్ద

నమస్కారం.

సభ మొదలవడానికి ముందు ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "రేపు మార్కెట్ పెరుగుతుందా, పడుతుందా?" అని అడిగారు. నాకు తెలియదండీ అన్నాను. ఆయన అంతటితో ఊరుకోలేదు. "మరి ఇన్నేళ్లుగా అంచనాల మీదే పనిచేస్తున్నారు కదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఈ గంటసేపూ నేను చెప్పబోయేదంతా ఆయనకు జవాబు అనుకోండి. మార్కెట్ ఎటు వెళుతుందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎంత ఊగుతుందో చెప్పడానికి మాత్రం చాలా ఉంది. ఆ ఊపునే పత్రికలు ఒడిదుడుకులు అంటాయి, మార్కెట్లో ఉన్నవాళ్లు వొలటాలిటీ అంటారు. దాన్ని అంచనా వేయడం ఒక పని. ఆ అంచనా బాగుందో లేదో తేల్చుకోవడం ఇంకో పని. రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. చాలామంది తడబడేది అక్కడే.

ముందుగా, దిశ దొరకదు, ఊపు దొరుకుతుంది అనడానికి కారణం చూద్దాం. ఒక షేరు ధరలు పదేళ్లవి మీ దగ్గర ఉన్నాయనుకోండి. సగటు రాబడి కావాలి. రోజువారీ రాబడులన్నీ కూడితే మధ్యలో ఉన్న ధరలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. చివరికి మిగిలేవి రెండే: మొదటి ధర, ఆఖరి ధర. రోజులుగా కోసినా, గంటలుగా కోసినా, నిమిషాలుగా కోసినా ఆ రెండింటికి మించి కొత్త సమాచారం రాదు. సగటు గురించి ఇంకాస్త తెలియాలంటే ఇంకో పదేళ్లు ఆగడమొక్కటే దారి. ఒడిదుడుకుల సంగతి వేరు. అక్కడ మనం కూడేది రాబడులను కాదు, వాటి వర్గాలను, అంటే ఒక్కో రాబడిని దానితోనే హెచ్చిస్తే వచ్చేదాన్ని. వర్గాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఎంత సన్నగా కోస్తే అంత స్పష్టంగా బొమ్మ కడుతుంది. ఆర్థికవేత్త రాబర్ట్ మెర్టన్ 1980లో ఈ విషయాన్ని గణితంగా చూపించారు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ఫలితం ఇది. ఏడాదికి 16 శాతం ఊగే సూచీ మీద పాతికేళ్ల డేటా ఉన్నా, దాని నిజమైన సగటు వార్షిక రాబడిని అటూ ఇటూ ఆరు శాతం పైచిలుకు తేడాతోనే చెప్పగలం. అంటే ఏడు శాతం సగటు అని మనం రాసుకున్నది ఒక శాతమూ కావచ్చు, పదమూడూ కావచ్చు. అదే పాతికేళ్ల డేటాతో ఒడిదుడుకుల సగటు స్థాయి చాలా దగ్గరగా తెలుస్తుంది.

రెండో కారణం మార్కెట్ స్వభావంలోనే ఉంది. గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1963లో పత్తి ధరలను పరిశీలిస్తూ ఒక సంగతి గమనించారు: పెద్ద కదలిక వెంట పెద్ద కదలికే వస్తుంది, అది పైకో కిందికో చెప్పలేం, చిన్న కదలికల వెంట చిన్నవే వస్తాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం చూడండి, సంక్షోభం వచ్చినప్పుడు మార్కెట్ అచ్చం అలాగే ప్రవర్తిస్తుంది. ఒక పెద్ద వార్త వస్తే దాని అర్థం ఏమిటో అందరూ ఒక్కరోజులో తేల్చుకోలేరు. ఒకరు అమ్ముతారు, ఇంకొకరు కొంటారు, మర్నాడు ఇద్దరూ మనసు మార్చుకుంటారు. అప్పు తెచ్చి కొన్నవాళ్లకు ధర పడగానే అదనంగా డబ్బు కట్టమని కబురు వస్తుంది. కట్టలేనివాళ్లు అమ్మక తప్పదు. ఆ అమ్మకం ఇంకో పతనానికి దారితీస్తుంది. చెరువులో రాయి పడ్డాక అలలు కాసేపు ఆగనట్టే, కుదుపు కూడా వచ్చిన రోజే పోదు. ఆ ఆగకపోవడమే మనకు ఆధారం. నిన్న ఎంత ఊగిందో తెలిస్తే ఇవాళ ఎంత ఊగుతుందో కొంత తెలిసినట్టే.

ఇక కొలవడం. సాధారణంగా చేసేది ఇది: ప్రతిరోజూ ముగింపు ధరను ముందురోజు ముగింపు ధరతో భాగించి, దానికి సహజ సంవర్గమానం, అంటే నేచురల్ లాగరిథమ్, తీసుకుంటాం. అది ఆ రోజు రాబడి. కొన్ని రోజుల రాబడులను వర్గం చేసి, సగటు కడతాం. దాన్ని గణాంకశాస్త్రంలో విస్తృతి అంటారు. దాని వర్గమూలం క్రమవిచలనం. మనం ఊపు అంటున్నది దీన్నే. రోజు లెక్కను ఏడాది లెక్కగా మార్చడానికి, ఏడాదికి సుమారు 252 పనిదినాలు కాబట్టి, 252 వర్గమూలంతో హెచ్చిస్తాం. అది దాదాపు 16. రోజుకు ఒక శాతం ఊగేది ఏడాదికి 16 శాతం ఊగినట్టు. ఈ పదహారును గుర్తుపెట్టుకోండి, చాలా చోట్ల పనికొస్తుంది. ఒక మాట పక్కన చెబుతాను: సంవర్గమానం అన్నిచోట్లా చెల్లదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెలలో సరుకు అందించే కాంట్రాక్టు సున్నా కంటే 37.63 డాలర్లు కిందికి పోయి ముగిసింది. రుణ సంఖ్యకు సంవర్గమానం లేదు. ఆ ధరలతో నడిచే ఎన్ని ప్రోగ్రాములు ఆ పూట లెక్క తేల్చలేక నిలిచిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. ధర ఎప్పుడూ ధనాత్మకమే అన్నది మనం పెట్టుకున్న నమ్మకం, మార్కెట్ ఇచ్చిన హామీ కాదు.

ఈ పద్ధతిలో ఎన్ని రోజుల సగటు తీసుకోవాలి? ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇరవై రోజుల సగటుతో ఒక చిన్న లెక్క తయారుచేశాను. ఒడిదుడుకులు తగ్గితే పెట్టుబడి పెంచాలి, పెరిగితే తగ్గించాలి. అంతే నియమం. ఒక రోజు సూచీ ఐదు శాతం పడింది. మిగతా రోజులన్నీ ఒక శాతం చొప్పున కదులుతున్నాయి. లెక్క వేయండి: పంతొమ్మిది రోజులకు ఒక్కొక్కటి చొప్పున పంతొమ్మిది, పడిన రోజుకు ఐదు వర్గం ఇరవై ఐదు, మొత్తం 44. ఇరవైతో భాగిస్తే 2.2. వర్గమూలం సుమారు ఒకటిన్నర శాతం. ఇరవై రోజులపాటు ఆ అంకె అక్కడే ఉంది. ఇరవై ఒకటో రోజు పొద్దున ఒక్కసారిగా ఒక శాతానికి దిగిపోయింది. నా నియమం ప్రకారం పెట్టుబడి ఒకటిన్నర రెట్లు పెరిగింది. ఆ రోజు మార్కెట్లో ఏమీ జరగలేదు. నాలుగు వారాల కిందటి ఒక తేదీ నా ఇరవై రోజుల కిటికీలోంచి బయటికి జారిపోయింది, అంతే. మా పై అధికారి ఒకరు నా బల్ల దగ్గరకు వచ్చి, "ఇవాళ ఏమి తెలిసి పెంచావు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి మోడల్‌నూ, అంటే అంచనా కట్టే ప్రతి లెక్కనూ, అడుగుతాను.

దీనికి విరుగుడు సులువే. పాత రోజులను ఒక్కసారిగా కోసేయకుండా, మెల్లగా మరిచిపోవాలి. 1994లో జేపీ మోర్గాన్ సంస్థ రిస్క్‌మెట్రిక్స్ పేరుతో బయటపెట్టిన పద్ధతి ఇదే: నిన్నటి విస్తృతి అంచనాలో 94 శాతం, నిన్నటి రాబడి వర్గంలో 6 శాతం కలిపితే ఇవాళ్టి అంచనా. విస్తృతి ఒకటి ఉండగా ఐదు శాతం పతనం వచ్చిందనుకోండి. 0.94కు, ఇరవై ఐదులో ఆరు శాతమైన ఒకటిన్నర కలిస్తే 2.44. వర్గమూలం 1.56. ఒక శాతం ఊపు ఒకటిన్నర దాటింది. ఆ తర్వాత పదకొండు రోజులకు ఆ పతనం బరువు సగమవుతుంది, ఇంకో పదకొండు రోజులకు అందులో సగం. ఎక్కడా గట్టు తెగినట్టు పడిపోదు.

దీనికంటే ముందే, 1982లో, రాబర్ట్ ఎంగిల్ ఒక మెట్టు ఎక్కించారు. ఆయన చూస్తున్నది షేర్లను కూడా కాదు, బ్రిటన్ ద్రవ్యోల్బణాన్ని. అంచనాలో వచ్చే పొరపాటు పరిమాణం కాలంతోపాటు మారుతుంటే, ఆ మార్పును కూడా ఒక సమీకరణంగా రాయవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. దానికి ఆర్చ్ అని పేరు. 2003లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది ఇందుకే. ఆ ఏడాది బహుమతిని క్లైవ్ గ్రేంజర్‌తో పంచుకున్నారు. 1986లో ఆయన శిష్యుడు టిమ్ బొలర్స్‌లెవ్ దాన్ని గార్చ్‌గా విస్తరించారు. గార్చ్‌లో మూడే అంకెలు. నిన్నటి రాబడి వర్గానికి ఎంత బరువు, నిన్నటి అంచనాకు ఎంత బరువు, ఇవి కాక ఒక స్థిరమైన చిన్న అంకె. ఆ చిన్న అంకె విలువను తక్కువగా చూడకండి. రిస్క్‌మెట్రిక్స్ పద్ధతికి సొంత ఇల్లు లేదు. ఇవాళ్టి అంచనా ఎంతో, ఏడాది తర్వాతి అంచనా కూడా అంతే అంటుంది. గార్చ్‌కు తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది, దీర్ఘకాలపు సగటు. మొదటి బరువు 0.08, రెండోది 0.90, స్థిరాంకం 0.02 అనుకోండి. దీర్ఘకాలపు విస్తృతి ఒకటి అవుతుంది. ఇవాళ విస్తృతి నాలుగు ఉంటే, అంటే రోజుకు రెండు శాతం ఊపు ఉంటే, ఆ పైనున్న మూడు సుమారు 34 పనిదినాల్లో ఒకటిన్నరకు తగ్గుతుంది. అప్పటికి ఊపు ఒకటిన్నర శాతం పైన కొద్దిగా ఉంటుంది. వచ్చే వారానికి అంచనా కావాలా, వచ్చే ఆరు నెలలకు కావాలా అన్నదానికి ఇక్కడ వేర్వేరు జవాబులు వస్తాయి. రావాలి కూడా.

షేర్లలో ఇంకో సంగతి ఉంది. మూడు శాతం పెరిగిన రోజు తర్వాత కంటే, మూడు శాతం పడిన రోజు తర్వాత ఊపు ఎక్కువగా ఉంటుంది. ఫిషర్ బ్లాక్ 1976లోనే దీన్ని గమనించారు. షేరు విలువ పడితే సంస్థ అప్పుల భారం దాంతో పోల్చినప్పుడు పెరుగుతుంది కాబట్టి అని ఆయన వివరణ. ఆ వివరణ ఒక్కటే సరిపోదని తర్వాత తేలింది. భయం పాత్ర కూడా ఉంది. 1990ల్లో డేనియల్ నెల్సన్ ఒక రూపంలో, గ్లోస్టెన్, జగన్నాథన్, రంకిల్ ముగ్గురూ కలిసి ఇంకో రూపంలో ఈ తేడాను గార్చ్‌లోకి తెచ్చారు. రెండు కరెన్సీల మారకపు రేటులో మాత్రం ఈ తేడా సాధారణంగా అంతగా ఉండదు. అక్కడ ఒకదాని పతనం రెండోదాని పెరుగుదలే కదా.

ఆ తర్వాత మోడళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. 2005లో హాన్సెన్, లుండే అనే ఇద్దరు పరిశోధకులు 330 మోడళ్లను వరుసలో నిలబెట్టి పోల్చి చూశారు. డాలరు, జర్మన్ మార్కు మారకపు రేటు మీద ఆ మూడంకెల గార్చ్‌ను స్పష్టంగా ఓడించినది కనపడలేదు. ఐబీఎం షేరు మీద మాత్రం, పతనానికి ఎక్కువ బరువిచ్చే మోడళ్లు దాన్ని దాటాయి. పిట్ట కొంచెం, కూత ఘనం.

(సభలోంచి ఒకరు: అసలు ఈ మోడళ్లు పనిచేస్తాయని ఎలా నమ్మాలి? నేను చేసి చూశాను, అంచనాకూ మర్నాడు జరిగినదానికీ పొంతనే లేదు.)

మంచి చోట పట్టుకున్నారు. కూర్చోండి, నేను రావాలనుకున్నది ఇక్కడికే. మీరు ఒక్కరే కాదు. 1990ల్లో పెద్ద పెద్ద పరిశోధకులు కూడా ఇదే మాట అన్నారు. గార్చ్ ఇచ్చిన అంచనాను, మర్నాటి రాబడి వర్గంతో పోల్చారు. ఆ వర్గంలోని హెచ్చుతగ్గుల్లో అంచనా వివరించగలిగింది ఐదు శాతం కూడా లేదు. ఐదు శాతం! ఇంత శ్రమ ఇందుకా అని చాలామంది పెదవి విరిచారు. ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్ననే నేను కొంచెం తిప్పి అడుగుతాను. మీరు అంచనాను దేనితో పోల్చారు?

(మర్నాటి రాబడి వర్గంతోనే.)

అక్కడే ఆగుదాం. ఒడిదుడుకులు కంటికి కనిపించేవి కావు. ఉష్ణోగ్రత రేపు మధ్యాహ్నం 34 అని చెబితే, రేపు మధ్యాహ్నం థర్మామీటరు చూసి తేల్చేస్తాం. రేపటి వొలటాలిటీ ఒక శాతం అని చెబితే, రేపు సాయంత్రం చూడటానికి అలాంటి థర్మామీటరు లేదు. మన చేతిలో ఉన్నది ఒక్క రాబడి. నిజమైన ఊపు సరిగ్గా ఒక శాతమే అనుకుందాం, మోడల్ కూడా సరిగ్గా ఒక శాతమే చెప్పిందనుకుందాం, రాబడులు గంటాకారపు వక్రరేఖ ప్రకారమే వస్తున్నాయనుకుందాం. అంటే అంచనాలో వెంట్రుకవాసి తప్పు కూడా లేదు. అయినా సగం రోజుల్లో రాబడి వర్గం నిజమైన విస్తృతిలో సగం కంటే తక్కువ వస్తుంది. పన్నెండు పదమూడు రోజులకు ఒకసారి అందులో నూరో వంతు కూడా రాదు. నెలకు ఒకసారి దాదాపుగా నాలుగు రెట్లు దాటుతుంది. తప్పులేని అంచనాను ఈ కొలబద్దతో కొలిస్తే అది తప్పుల తడకలా కనిపిస్తుంది. వంకర కర్రతో గీత కొలిచి, గీత వంకరగా ఉందన్నట్టు.

1998లో టోర్బెన్ ఆండర్సన్, టిమ్ బొలర్స్‌లెవ్ కలిసి చేసినది ఇది: మోడల్ జోలికి వెళ్లలేదు. కొలబద్దను మార్చారు. విదేశీ మారకపు మార్కెట్ రోజంతా నడుస్తుంది కాబట్టి ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 288 రాబడులు తీసుకుని, వాటి వర్గాలు కూడారు. ఇందాక చెప్పిన మెర్టన్ మాట గుర్తుందా, సన్నగా కోసిన కొద్దీ స్పష్టత వస్తుందని. ఆ మొత్తంతో అదే గార్చ్ అంచనాను పోల్చేసరికి, ఐదు శాతం లోపు ఉన్నది డాలరు, మార్కు రేటు విషయంలో దాదాపు సగానికి చేరింది. మోడల్ అదే, డేటా అదే కాలానిది. మారింది కొలిచే కర్ర. నేను విద్యార్థిగా ఆ పత్రం చదివిన రాత్రి నిద్రపట్టలేదు. ఎన్ని మంచి అంచనాలను మనం కొలబద్ద తప్పు వల్ల పారేసి ఉంటామో అన్న బాధ అప్పుడు పట్టుకున్నది, ఇప్పటికీ వదలలేదు.

ఐదు నిమిషాల డేటా దొరకనివాళ్లు ఏమి చేయాలి? రోజూ పత్రికలో వచ్చే నాలుగు ధరలు చాలు: ప్రారంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు. బోర్డు మీద చూడండి. ముందురోజు 100 దగ్గర ముగిసిన ఒక షేరు పొద్దున కూడా 100 దగ్గరే మొదలైంది. మధ్యలో 104కు ఎగసి, 97కు పడి, సాయంత్రానికి మళ్లీ 100 దగ్గరే ముగిసింది. ముగింపు నుంచి ముగింపుకు లెక్కవేస్తే ఆ రోజు ఊపు సున్నా. ఆ రోజు ఆ షేరుతో ఉన్నవారెవరినైనా అడగండి, సున్నా అంటారేమో! మైకేల్ పార్కిన్సన్ 1980లో ఇచ్చిన సూత్రం ఇది: గరిష్ఠాన్ని కనిష్ఠంతో భాగించి సంవర్గమానం తీసి, వర్గం చేసి, 2.77తో భాగించండి. 104ను 97తో భాగిస్తే సంవర్గమానం 0.0697. వర్గం 0.00486. 2.77తో భాగిస్తే 0.00175. వర్గమూలం 0.042. అంటే 4.2 శాతం. సున్నాకూ 4.2కూ మధ్య ఎంత దూరముందో చూడండి. కాగితం, కలం, రెండు ధరలు. అదే ఏడాది గార్మన్, క్లాస్ ఇద్దరూ నాలుగు ధరలనూ వాడే సూత్రం ఇచ్చారు. అయితే ఇవి రాత్రి మార్కెట్ మూసి ఉన్నప్పుడు వచ్చే గెంతును పట్టించుకోవు. దాన్ని విడిగా కలపాలి.

మరి సన్నగా కోయడమే మంచిదైతే, సెకనుకొకటి ఎందుకు తీసుకోకూడదు? అక్కడ ఇంకో గుంట ఉంది. కొనేవారి ధర 100.00, అమ్మేవారి ధర 100.02 అనుకోండి. షేరు అసలు విలువ రోజంతా కదల్లేదు. కానీ ఒక లావాదేవీ కింది ధర దగ్గర, ఇంకోటి పై ధర దగ్గర జరుగుతూ ఉంటాయి. ఒక్కో గెంతు 0.02 శాతం, వర్గం 0.0004. ఆరు గంటల మార్కెట్లో 21,600 సెకన్లు. సగం సార్లు ధర అటూ ఇటూ మారితే 10,800 గెంతులు. మొత్తం 4.32. వర్గమూలం రెండు శాతం పైన. కదలని షేరుకు రెండు శాతం ఊపు! అదే ఐదు నిమిషాలకు ఒకసారి చూస్తే 72 ముక్కలే. ఈ దొంగ ఊపు 0.12 శాతానికి దిగిపోతుంది. ఐదు నిమిషాలు అన్నది ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు, ఈ రెండు ఇబ్బందుల మధ్య కుదిరిన రాజీ. దీనికి మెరుగులు దిద్దిన సూత్రాలు చాలా ఉన్నాయి. 2015లో లియు, పాటన్, షెపర్డ్ నాలుగు వందలకు పైగా సూత్రాలను పోల్చి చూస్తే, సాదా ఐదు నిమిషాల లెక్కను గట్టిగా దాటేవి చాలా తక్కువే తేలాయి.

ఇలా కొలిచిన రోజువారీ ఊపు చేతిలో ఉంటే అంచనా వేయడం కూడా సులువవుతుంది. ఫుల్వియో కోర్సీ 2009లో చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. రేపటి ఊపును మూడింటి మీద ఆధారపడనివ్వండి: ఇవాళ్టి ఊపు, గత వారం సగటు, గత నెల సగటు. ఒక్కోదానికి ఎంత బరువివ్వాలో పాత అంకెల నుంచి తేల్చే మామూలు తిరోగమన (రిగ్రెషన్) సమీకరణం, కంప్యూటర్ లేకున్నా పట్టికలో చేయవచ్చు. దాని వెనక ఆలోచన మరీ అందమైనది. మార్కెట్లో రోజుకు పదిసార్లు కొని అమ్మేవారున్నారు, వారానికోసారి చూసేవారున్నారు, నెలకోసారి సర్దుకునే పింఛను నిధులున్నాయి. ఒక్కొక్కరిదీ ఒక్కో గడియారం. ఆ గడియారాలన్నీ కలిసి కొట్టే శబ్దమే మనం వింటున్న ఊపు.

అంచనాలను పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. తక్కువ చెప్పడం, ఎక్కువ చెప్పడం రెండూ ఒకే తప్పు కాదు. ఊపు నాలుగు ఉండగా ఒకటని చెప్పినవాడు సంస్థను ముంచగలడు. ఒకటి ఉండగా నాలుగని చెప్పినవాడు లాభం పోగొడతాడు, అంతవరకే. ఆండ్రూ పాటన్ 2011లో, కొలబద్దలో అలజడి ఉన్నా మోడళ్ల వరుసను తారుమారు చేయకుండా అంచనా తప్పును తూచే లెక్కలు ఏవో చూపారు. వాటిలో ఒకటి తక్కువ చెప్పినదానికి ఎక్కువ శిక్ష వేస్తుంది. విస్తృతి నాలుగుండగా ఒకటంటే ఆ లెక్కలో 1.61, ఒకటుండగా నాలుగంటే 0.64. నేను దాన్నే వాడతాను.

ఇంతవరకు మాట్లాడిందంతా గతాన్ని చూసి చెప్పేది. ముందుకు చూసే కొలమానం ఇంకోటి ఉంది. ఆప్షన్ అంటే ఒక రకం బీమా. బీమా ధర చూసి ప్రమాదాన్ని ఎంతగా ఊహిస్తున్నారో చెప్పవచ్చు. 1973లో బ్లాక్, షోల్స్ ఇచ్చిన సూత్రంలో తెలియని అంకె ఒక్కటే, వొలటాలిటీ. ఆప్షన్ ధర తెలుసు కాబట్టి సూత్రాన్ని వెనక్కి నడిపిస్తే ఆ అంకె బయటపడుతుంది. రాబర్ట్ వేలీ రూపొందించిన విక్స్ సూచీని 1993లో షికాగో ఆప్షన్ల ఎక్స్ఛేంజీ మొదలుపెట్టింది, 2003లో అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 ఆప్షన్ల ఆధారంగా మార్చింది. రాబోయే 30 రోజులకు మార్కెట్ చెల్లిస్తున్న బీమా వెల అది. పత్రికలు దాన్ని భయ సూచీ అంటాయి. 2020 మార్చి 16న అది 82.69 దగ్గర ముగిసింది. ఇందాకటి పదహారుతో భాగించండి: రోజుకు ఐదు శాతం పైన ఊపు వస్తుందని ఊహిస్తున్నారన్నమాట. ఆ రోజే ఎస్ అండ్ పీ 500 దాదాపు 12 శాతం పడింది.

అయితే విక్స్‌ను నేరుగా అంచనాగా తీసుకోకండి. సగటున చూస్తే అది తర్వాత నిజంగా జరిగిన ఊపుకంటే ఎక్కువగానే ఉంటుంది. బీమా సంస్థ నష్టం ఎంత రావచ్చో అంతే ప్రీమియం తీసుకోదు కదా, పైన కొంత వేసుకుంటుంది. ఆ పైది తీసేసి వాడితే మంచి అంచనా, తీయకుండా వాడితే ఎప్పుడూ కొంచెం ఎక్కువ భయపెట్టే అంచనా. ఆ పైదాని కోసమే ఆశపడి బీమా అమ్మేవారు చాలామంది ఉంటారు. 2018 ఫిబ్రవరి 5న ఏమి జరిగిందో చూడండి. విక్స్ ఒక్కరోజులో 17.31 నుంచి 37.32కు ఎగసింది. ఊపు తగ్గుతుందని పందెం కాసే ఒక పేరున్న పథకం విలువలో తొంభై శాతానికి పైగా హరించుకుపోయి, మూతపడింది. ఆ పథకాలన్నీ సాయంత్రం ఒకే సమయంలో, ఒకే వైపు, ఒకే సరుకు కొనాల్సి వచ్చింది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరు? కొలమానం మీద అందరూ ఒకే నియమంతో నడిస్తే, ఆ కొలమానమే మార్కెట్‌ను కుదిపే చెయ్యి అవుతుంది.

(ఇంకో ప్రశ్న: ఊపు తక్కువగా ఉంటే ప్రమాదం తక్కువనే కదా అర్థం?)

అమ్మా, ఈ ప్రశ్నకు ఒక ఉదాహరణ చెబుతాను. 2011 సెప్టెంబర్ 6న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరో విలువ 1.20 ఫ్రాంకుల కంటే కిందికి దిగనివ్వనని ప్రకటించింది. దిగబోయినప్పుడల్లా తనే యూరోలు కొంది. మూడేళ్లకు పైగా ఆ మాట నిలబెట్టుకుంది. ఆ రేటు ఊపును గార్చ్‌తో కొలవండి, ఐదు నిమిషాల లెక్కతో కొలవండి, ఎలా కొలిచినా చాలా తక్కువ. ముఖ్యంగా 2014 చివరి నెలల్లో రేటు 1.20కి అంటుకుని నిద్రపోతున్నట్టుంది. 2015 జనవరి 15 పొద్దున ఆ హామీని ఎత్తేశారు. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కంటే కిందికి పడింది. ముందురోజు సాయంత్రం ఏ మోడల్‌ను అడిగినా రేపు ప్రశాంతమే అనేది. కొలతలో తప్పు లేదు. అంతవరకు జరిగిన ఊపు నిజంగానే తక్కువ. నివురుగప్పిన నిప్పు ఎంత వేడిగా ఉందో నివురును తాకితే తెలియదు. ఎవరో చేత్తో అదిమిపట్టి ఉంచిన ధర విషయంలో నేను మోడల్ చెప్పిన అంకెను చూడను. ఆ చెయ్యి ఎవరిది, ఎంతకాలం పట్టి ఉంచగలదు అని అడుగుతాను.

1987 అక్టోబర్ 19 కూడా అలాంటిదే అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆ రోజు అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 22.6 శాతం పడిన మాట నిజం. దాన్ని ఏ గార్చూ ముందే చెప్పలేదు. కానీ దానికి ముందటి వారం చివరి రోజుల్లో సూచీ అప్పటికే గట్టిగా పడుతోంది. ఊపు లేస్తోందని ఏ లెక్క అయినా చూపించేది. ఎంత పెద్దదో చెప్పలేకపోయినా, చేతిలో బరువు తగ్గించుకోమని చెప్పేది. ఫ్రాంకు విషయంలో ఆ సూచన కూడా లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇందాక మర్నాటి రాబడితో పోల్చానన్న మిత్రులకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ దగ్గరున్న షేరుకే ఏడాది ధరలు నాలుగు వరుసల్లో తెచ్చుకోండి: ప్రారంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు. ఒక వరుసలో ముగింపు నుంచి ముగింపు రాబడి వర్గం రాయండి. పక్కన పార్కిన్సన్ లెక్క, దానికి రాత్రి గెంతు వర్గాన్ని కలిపి రాయండి. మూడో వరుసలో మీ గార్చ్ అంచనా. అంచనాను మొదటి వరుసతో ఒకసారి, రెండో వరుసతో ఒకసారి పోల్చండి. ఆ తర్వాత మొదటి రెండు వరుసలూ ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న తేదీలకు గుర్తు పెట్టి, ఆ రోజుల్లో ఏ గంటకు ఏమి జరిగిందో వెతకండి. కాగితాలు తీసుకుని రండి, కూర్చుని చూద్దాం.